ఫార్మాట్ కొట్టించే ముందు

గుంటూరు జిల్లా కోర్టులోనో ఒంగోలు కోర్టులోనో వాయిదా తేదీ కనుక్కోవడానికి నిలబడినవాళ్ళు, లోపల గుమస్తా ముందున్న తెర మీద ఏం నడుస్తోందో పట్టించుకుని ఉండరు. ఈ-కోర్టుల పథకం ఎంచుకున్నది విండోస్ కాదు, ఉబుంటు అనే లినక్స్. 2007లో మొదలైన ఆ పథకం కింద సుప్రీంకోర్టు ఈ-కమిటీ తన అవసరానికి తగ్గట్టు మార్పించుకున్న ఉబుంటును దేశమంతటా జిల్లా కోర్టులకూ కింది కోర్టులకూ అందించింది. కేసుల నమోదు, వాయిదాలు, ఉత్తర్వులు చూసుకునే సీఐఎస్ సాఫ్ట్‌వేరును పుణెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వాళ్ళు రాశారు. దాని పునాది కూడా లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. న్యాయాధికారులకూ సిబ్బందికీ ఉబుంటు, సీఐఎస్ రెండూ కలిపి శిక్షణ ఇచ్చారు. టైపు మిషను మీద ఉద్యోగం మొదలుపెట్టిన మనుషులు కూడా ఆ శిక్షణలో కూర్చుని నేర్చుకున్నారు.

ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. లినక్స్ అనగానే మన వైపు వినిపించే మొదటి మాట, అది ఇంజినీర్ల వ్యవహారం, మామూలు మనుషులకు పట్టుబడదు అని. పట్టుబడుతుందని కోర్టులు చూపించాయి. ఎల్ఐసీ కూడా తన శాఖల్లో ఏళ్ళ తరబడి రెడ్ హ్యాట్ లినక్స్ వాడింది. మరి కోర్టు గోడ దాటి గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ సెంటర్‌కో, మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకో, పల్లెటూరి హైస్కూలుకో వస్తే అది ఎందుకు కనిపించదు? ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ ప్రశ్నను ఒక్కో చోట ఒక్కో రకంగా చూడాలి. ఎందుకంటే అడ్డం పడుతున్నది అన్ని చోట్లా ఒకటి కాదు.

తెలియనివాళ్ళ కోసం పాత కథ రెండు ముక్కల్లో. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఏ పనికైనా నడుపుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, పదిమందికి పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. సాఫ్ట్‌వేరు వాడేవాడికి ఈ హక్కులుండాలన్నది ఆయన పట్టు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నెల్, అంటే కంప్యూటర్ వ్యవస్థకు గుండెకాయ లాంటిది, దానికి తోడైంది. డెబియన్, ఉబుంటు, మింట్ ఇవన్నీ ఆ రెంటి సంతానం. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ ఆ కెర్నెలే.

ఇక ధర సంగతి. లినక్స్ ప్రచారకులు ముప్పై ఏళ్ళుగా చెప్పే మొదటి మాట, డబ్బు ఆదా అని. ఈ ప్రాంతంలో ఆ మాట పారదు. అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే కొట్టువాడే విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ వేసి ఇస్తాడు. పాడైతే ఫార్మాట్ కొట్టించడానికి కొన్ని వందలు. 2017లో మన దేశంలో వాడిన సాఫ్ట్‌వేరులో 56 శాతం లైసెన్సు లేనిదేనని బీఎస్ఏ అనే సాఫ్ట్‌వేరు కంపెనీల సంఘం లెక్క చెప్పింది. దొంగ కాపీ ఊరికే దొరికే చోట, ఊరికే వస్తుందన్న ఒక్క గుణంతో లినక్స్ నిలబడదు.

లైసెన్సు రుసుము లాంటి రాయల్టీ అంటే ఏమిటో ఇక్కడి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బీటీ పత్తి వచ్చిన కొత్తల్లో 450 గ్రాముల ప్యాకెట్ పదహారు వందలు దాటి, అందులో 1,250 రూపాయలు ఒక్క జన్యువు రుసుముకే పోతుంటే 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలపై విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్ళింది. ఆ ఏడాది ప్యాకెట్ 750కి దిగింది. ఆ పోరాటం సాధ్యమైంది, రైతు జేబులోంచి పోయే రూపాయి కంటికి కనబడింది కాబట్టి. సాఫ్ట్‌వేరు విషయంలో దొంగ కాపీ ఆ రూపాయిని దాచేస్తుంది. చెల్లింపు మాత్రం ఆగదు. అది ఇంకో రూపంలో జరుగుతుంది.

అలాంటి రూపాల్లో ఒకదాన్ని 2017 మే నెలలో చూశాం. వానాక్రై అనే వైరస్ లోకమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పేర్లు అప్పటి వార్తల్లో వచ్చాయి. విండోస్‌లో ఏ కన్నంలోంచి ఆ వైరస్ దూరిందో దానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మందు విడుదల చేసింది. ఆ అప్‌డేట్ పడని సిస్టమ్‌లే పడిపోయాయి. క్రాక్ వెర్షన్ వేసుకున్నవాళ్ళు అప్‌డేట్లు ఆపేసుకుంటారు, లైసెన్సు గుట్టు బయటపడుతుందని. లినక్స్‌కు వైరస్‌లు రావని నేను చెప్పను. వస్తాయి. కానీ దాన్ని అప్‌డేట్ చేసుకోవడానికి ఎవరికీ భయపడక్కర్లేదు. ఒక చిన్న నెట్ సెంటర్‌కు ఇది చాలా పెద్ద తేడా.

ఇప్పుడు తెలుగు అక్షరం దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ ప్రాంతంలో అసలు చిక్కుముడి ఇదే.

గుంటూరు, తెనాలి, ఒంగోలు, చీరాల ఎక్కడికి వెళ్ళినా శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, ఫ్లెక్సీల మీద కనిపించే తెలుగు చాలావరకు అను ఫాంట్లది. పేజ్‌మేకర్, దాని పక్కన అను స్క్రిప్ట్ మేనేజర్, చేతి కింద యాపిల్ కీబోర్డు అమరిక, ఇదీ తెలుగు డీటీపీ. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ మరో పెద్ద వెర్షన్ తేలేదు. చచ్చిపోయిన ఆ సాఫ్ట్‌వేరు మీద తెలుగు ముద్రణ ఇంకా బతుకుతోంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించిన ఏర్పాటు అది. ఆ ఫైలు అను ఫాంట్లు లేని ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే గుర్తులూ గీతలూ తప్ప ఏమీ కనిపించవు. నెట్‌లో వెతికితే దొరకదు. ఈ-పుస్తకం చేయబోతే యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దుకోవాలి, లేదంటే మళ్ళీ టైపు చేయించుకోవాలి. ఇలా ఎందరు రచయితల పుస్తకాలు డీటీపీ సెంటర్ల హార్డ్ డిస్కుల్లో ఇరుక్కుపోయి ఉన్నాయో తలచుకుంటే దిగులేస్తుంది. దొంగ కాపీ వెనక దాగిన చెల్లింపు అంటే నా ఉద్దేశం ముఖ్యంగా ఇదే. రూపాయల్లో కాకుండా రాతల్లో చెల్లిస్తున్నాం.

ఈ ముడి విప్పే పనిముట్లు లేకపోలేదు. ఏళ్ళుగా పోగుపడ్డాయి కూడా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. వీవెన్ 2006లో తెచ్చిన లేఖిని వల్ల వేలమంది మొదటిసారి కంప్యూటర్లో తెలుగు రాశారు. నాగార్జున వెన్న రాసిన పద్మ, పాత పత్రికల సొంత ఫాంట్లను ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా మార్చి చూపించింది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, సిలికానాంధ్ర చొరవతో పురుషోత్ కుమార్ గుత్తుల వంటివారు గీసిన ఫాంట్లు బయటికి వచ్చాయి. తెనాలి రామకృష్ణ, పెద్దన, ధూర్జటి, తిమ్మన, గురజాడ, గిడుగు, మండలి, ఎన్టీఆర్, సురవరం ఇవన్నీ ఎవరైనా వాడుకునే, మార్చుకునే బహిరంగ లైసెన్సు కింద ఉన్నాయి. శుభలేఖకు కావలసిన వంపులూ ఉన్నాయి, పుస్తకానికి కావలసిన నిదానమూ ఉంది.

పేజీ కూర్పుకు స్క్రైబస్ ఉంది. చాలాకాలం అది తెలుగు ఒత్తులను విరగ్గొట్టేది. ఆ రోజుల్లో చూసి వద్దనుకున్నవాళ్ళను తప్పుపట్టలేం. సంయుక్తాక్షరాలను సరిగా కూర్చే శక్తితో 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. బొమ్మలకు ఇంక్‌స్కేప్, గింప్. ఇంకో ముఖ్యమైన సంగతి చాలామంది డీటీపీ ఆపరేటర్లకు తెలియదు. లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే కాదు, యాపిల్ అమరిక కూడా ఉంది. ఇరవై ఏళ్ళుగా వేళ్ళకు పట్టిన అలవాటును మార్చుకోకుండానే యూనికోడ్‌లోకి రావచ్చు. మార్పుకు భయపడే ఆపరేటర్‌కు ముందుగా చెప్పవలసిన మాట ఇది.

అయినా ఒక్క ఆపరేటర్ మారితే పని జరగదు. ఆయన దగ్గరికి వచ్చే రచయిత అను ఫైలు తెస్తాడు. ఆయన ఫైలు పంపే విజయవాడ ప్రెస్సు అను ఫైలే అడుగుతుంది. ఈ గొలుసులో ముందు తెగవలసిన లంకె రచయితలదీ ప్రచురణకర్తలదీ అని నా అభిప్రాయం. డబ్బిచ్చేవాళ్ళు యూనికోడ్ ఫైలు, దాంతోపాటు పీడీఎఫ్ అడిగితే మిగతావాళ్ళు నేర్చుకుంటారు. ప్రెస్సుకు పీడీఎఫ్ చాలు.

లెక్కల పుస్తకం దగ్గర పరిస్థితి వేరు. అక్కడ నేను అంత ధైర్యంగా మాట్లాడలేను. మిర్చి యార్డులో సీజను రోజుల్లో కమీషన్ ఏజెంటు కొట్టులో గుమస్తా పని చూడండి. టిక్కీల లెక్క, తేజ, బ్యాడిగి, తాలు కాయల లాట్లు, తూకం, తక్‌పట్టీ, రైతుకిచ్చిన అడ్వాన్సు, కోల్డ్ స్టోరేజీ అద్దె. ఇవన్నీ చివరికి చేరేది ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోకి. ట్యాలీ లినక్స్ కోసం తయారైంది కాదు. జీఎస్టీ రిటర్నుల ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్ కోసం చేసిందే. ప్రజల పన్ను వసూలు చేసే వ్యవస్థ తన పనిముట్టును ఒక విదేశీ కంపెనీ వ్యవస్థకు కట్టేయడం తప్పు. ఇది గట్టిగా అడగవలసిన విషయం. వేలిముద్రల పరికరాలదీ ఇదే తంతు. ఆధార్ పనులకు వాడే వాటి సాఫ్ట్‌వేరు ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే వస్తుంది కాబట్టి ఆ పని చేసే నెట్ సెంటర్ పూర్తిగా మారడం కుదరదు.

ట్యాలీకి బదులు లేదా అంటే ఉంది. ముంబయిలో కృష్ణకాంత్ మానే అనే అంధ ప్రోగ్రామర్ నాయకత్వంలో తయారైన గ్నూఖాతాలో జీఎస్టీ లెక్కలున్నాయి. అదే నగరంలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌ను దేశదేశాల కంపెనీలు వాడుతున్నాయి. జిన్నింగ్ మిల్లుకో, గ్రానైట్ ఎగుమతిదారుకో ఈఆర్‌పీనెక్స్ట్ చక్కగా సరిపోతుంది. చిన్న కొట్టుకు మాత్రం సాఫ్ట్‌వేరు కన్నా ఆడిటర్ ముఖ్యం. ఆయన ట్యాలీ ఫైలు పంపమంటే పంపాలి. ఆడిటర్లు మారని చోట కొట్టు గుమస్తాను మారమనడం న్యాయం కాదు. అటువంటి కొట్టుకు నా సలహా, లెక్కల సిస్టమ్‌ను లైసెన్సున్న విండోస్ మీదే ఉంచుకోండి. మెయిళ్ళు, ఉత్తరాలు, పోర్టల్ పనులు చూసే మిగతా సిస్టమ్‌లను మార్చండి. ఈ-నామ్, మీ భూమి, బ్యాంకు పనులు ఇవన్నీ బ్రౌజరులోనే జరుగుతున్నాయి. ఫైర్‌ఫాక్స్‌కు అడుగున ఏ వ్యవస్థ ఉందన్న పట్టింపు లేదు. ఉత్తరానికీ పట్టికకూ లిబ్రేఆఫీస్ చాలు. దాని మెనూలు తెలుగులో కూడా ఉన్నాయి.

బడుల విషయంలో మనం పోగొట్టుకున్నది ఎక్కువ. కేరళ 2008 నాటికి పదో తరగతి ఐటీ పరీక్షను పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద పెట్టింది. ఐటీ@స్కూల్‌గా మొదలై ఇప్పుడు కైట్‌గా ఉన్న సంస్థ తన సొంత లినక్స్ కూర్పును ఇప్పటికీ నవీకరిస్తూ వస్తోంది. అక్కడి టీచర్లే టీచర్లకు శిక్షణ ఇచ్చారు. తమిళనాడు 2011లో ఉచిత లాప్‌టాప్‌లు ఇచ్చినప్పుడు విండోస్ పక్కన సీడాక్ వారి బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చింది. కానీ లినక్స్ తెలిసిన టీచరు లేని చోట పిల్లలు విండోస్ వైపే వెళ్ళారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ గదులు వచ్చాయి. ఒకే సిస్టమ్‌ను పలువురు పిల్లలు పంచుకునే ఎన్‌కంప్యూటింగ్ పద్ధతి అది. యంత్రాలు వచ్చాయి గానీ, వాటిని తమవిగా చూసుకునే టీచర్ల దళం కేరళలో మాదిరి తయారవలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. ట్యాబులో పాఠం చూడవచ్చు. లోపల ఏముందో విప్పి చూసే వీలు మాత్రం పిల్లవాడికి ఉండదు. ఇంత ఖర్చు పెట్టే ప్రభుత్వం ఆ వీలు కూడా ఇచ్చి ఉండవలసింది.

దూరదేశంలో మన లాంటి నేల ఒకటుంది. స్పెయిన్‌లో ఎక్స్‌ట్రెమదూరా. పొగాకు, మిరప పండించే వెనకబడిన వ్యవసాయ ప్రాంతం. అక్కడి లా వేరా మిరప పొడికి మన గుంటూరు సన్నం మాదిరి పేరుంది. 2002లో ఆ ప్రాంతీయ ప్రభుత్వం డెబియన్ ఆధారంగా లినెక్స్ తయారు చేయించి, ఇద్దరు పిల్లలకొక కంప్యూటర్ చొప్పున బడుల్లో పెట్టింది. సాఫ్ట్‌వేర్లకు తమ ఊళ్ళ కవులవీ చిత్రకారులవీ పేర్లు పెట్టుకున్నారు. బొమ్మలు గీసే గింప్‌ను జుర్బరాన్ అన్నారు. మనం ఫాంట్లకు పెద్దన, ధూర్జటి అని పెట్టుకున్నట్టే. 2011లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది చివర్లో లినెక్స్‌ను ఇంకో సంస్థకు అప్పగించారు, అది ఆగిపోయింది. బడులు మాత్రం ఆ తర్వాత కూడా లినక్స్ వాడుతూ వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు, అక్కడ నేర్చుకున్న టీచర్లు మిగిలారు. కేరళను, ఎక్స్‌ట్రెమదూరాను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైనది ఇదే. ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలైనది ఉత్తర్వుతో పోవచ్చు. ఊళ్ళో మనిషికి వచ్చిన పని పోదు.

ఉత్తర్వులకు మన దగ్గర కొదవ లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015 మార్చిలో విధానమే ప్రకటించింది. లేనిది మనిషి.

తెలుగునాట ఆ మనుషులను తయారు చేయడానికి గట్టిగా పూనుకున్నది స్వేచ్ఛ సంస్థ. 2005లో హైదరాబాదులో మొదలై, డెబియన్ ఆధారంగా తెలుగు లినక్స్ తెచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ బృందాలు పెట్టి వేలమంది విద్యార్థులను అనువాదాల్లోకీ శిబిరాల్లోకీ దింపింది. ఆ కృషి మీద నాకు గౌరవం ఉంది. ఒక్క లోటు మాత్రం చెప్పాలి. అలా నేర్చుకున్న పిల్లలు ఉద్యోగాలకు బెంగళూరు, హైదరాబాదు, అమెరికా వెళ్ళిపోయారు. ఊళ్ళో సిస్టమ్ రిపేరు చేసే కుర్రాడి దగ్గరికి ఆ విద్య చేరలేదు. ప్రింటరు పనిచేయకపోతే, వైఫై పట్టకపోతే జనం ఫోన్ చేసేది అతనికే. అతను లినక్స్ నాకు రాదంటే కథ అక్కడితో ముగిసినట్టే.

ఇక్కడ కాలేజీలకు కరువు లేదు. వడ్లమూడి, చౌడవరం, బాపట్ల, వడ్డేశ్వరం, ఒంగోలు ట్రిపుల్ ఐటీ, అన్నీ ఈ ఉమ్మడి జిల్లాల్లోవే. కంప్యూటర్ చదివే ప్రతి విద్యార్థీ లినక్స్ లాబు చేస్తాడు. అయితే ఆ లాబు పరీక్షకు పది కమాండ్లతో ఆగిపోతే, ఎప్పుడో కాలం చెల్లిన టర్బో సి మీద ఇంకా సి నేర్పుతూ ఉంటే, అది ఊరికి ఉపయోగపడదు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో లినక్స్, లిబ్రేఆఫీస్ పాఠాలు తెలుగులోనే ఉన్నాయి, ఉచితంగా. రిపేరు కుర్రాడు వాటితో మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి ఒక గడువు కారణం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి ఉండాలి. మన బడుల్లో, నెట్ సెంటర్లలో, పంచాయతీ ఆఫీసుల్లో ఉన్న పాత సిస్టమ్‌లలో చాలా వాటికి ఆ అర్హత లేదు. విడిగా పొందే అదనపు భద్రతా అప్‌డేట్లు కూడా మామూలు వాడకందార్లకు 2026 అక్టోబరు 13 వరకే. అదే సిస్టమ్‌కు నాలుగు జీబీల ర్యాము, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఒక చిన్న ఎస్ఎస్‌డీ ఉంటే లినక్స్ మింట్ ఇంకొన్నేళ్ళు హాయిగా నడుస్తుంది.

అందరూ మారాలని నేను అనను. ట్యాలీ, వేలిముద్రల పనులున్నవాళ్ళు ఆగాలి. ఫ్లెక్సీ సెంటర్‌ను తొందరపెట్టనవసరం లేదు. బడి, గ్రంథాలయం, విద్యార్థి ఇల్లు, రచయిత బల్ల, బ్రౌజరుతో సరిపోయే ఆఫీసు, ఇవి ఆగడానికి మాత్రం ఏ కారణమూ కనిపించదు. కాలేజీ అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడాది మీ విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఒకదాన్ని మీ మండలం హైస్కూలు కంప్యూటర్ గదికి కేటాయించండి. పాత సిస్టమ్‌లకు లినక్స్ వేయించండి, యాపిల్, ఇన్‌స్క్రిప్ట్ రెండు కీబోర్డులూ పెట్టించండి, ఆ పని జరిగే రోజు ఊళ్ళో సిస్టమ్‌లు రిపేరు చేసే కుర్రాణ్ణి కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.